ఇంగ్లండ్ క్యాథలిక్ స్కూళ్లకు సర్కారు సొమ్ము: పాత బాకీయా, అప్పనంగా ఇస్తున్నదా?

కృష్ణాతీరం: మేముండేది లాంకషైర్‌లో. మా ఏరియాలో మంచి స్కూలంటే క్యాథలిక్ స్కూలే. సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువైతే బాప్తిస్మం సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ముందు. టీచర్ల జీతాలు సర్కారువి, బిల్డింగు ఖర్చులో చర్చి వాటా పదో వంతు. పన్నేమో నేనూ కడుతున్నా, మా పాపకు వెయిటింగ్ లిస్టు. మా ఆఫీసులో ఒక క్యాథలిక్ ఆయన్ని అడిగితే, "అప్పటి ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మా మఠాలన్నీ లాక్కున్నాడు, దాని వడ్డీకి కూడా ఇది చాలదు" అన్నాడు. ఈ వాదన నిలుస్తుందా?

పాతకాగితం: నిలవదండీ. దోపిడీ నిజమే. 1536లో ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయమున్న మఠాలతో మొదలుపెట్టి, 1540 మార్చిలో వాల్తమ్ మఠంతో పని పూర్తి చేశాడు. గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ను కొండ మీద ఉరి తీశారు. కానీ ఆ భూముల్లో చాలావరకు అమ్ముడుపోయాయి, కొన్నవాళ్లలో క్యాథలిక్ జమీందార్లూ ఉన్నారు. హెన్రీ కూతురు, క్యాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో, 1554లో, పోప్ ప్రతినిధి కార్డినల్ పోల్ వచ్చి, కొన్నవాళ్ల దగ్గరే ఉంచుకోమన్నాడు. బాకీని రోమే మాఫీ చేశాక మీ ఆఫీసాయన ఎవరు వసూలు చేయడానికి?

యార్క్ వదిన: మఠాల సంగతి వదిలేయండి. ఆ తర్వాత, దేశం ప్రొటెస్టెంట్ల చేతికి వెళ్లిన రోజులు చూడండి. 1700లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం క్యాథలిక్ బడి నడిపితే యావజ్జీవ ఖైదు. మాస్ చెప్పే ఫాదరును పట్టిస్తే 100 పౌండ్ల బహుమతి. అంతకుముందే, 1686లో, యార్క్ ఊరి కోటగోడ గుమ్మం బయట సిస్టర్లు బార్ కాన్వెంట్ పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పారు. అనుమానం రాకుండా మామూలు బూడిదరంగు గౌన్లు వేసుకునేవారు. అక్కడి చాపెల్ 1769 నాటిది. వీధిలోంచి చూస్తే మామూలు స్లేటు కప్పు, లోపలికెళ్తే తలెత్తి చూడాల్సిన గోపురం! పారిపోవడానికి ఎనిమిది తలుపులు, ఫాదరు దాక్కోవడానికి నేల కింద ఒక గూడు. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి ఇంత టెన్షన్ పడ్డవాళ్లను అప్పనంగా తిన్నారంటే ఎలా?

పాతకాగితం: వదినా, ధైర్యాన్ని కాదనను. కానీ ఆ రోజుల్లో మగపిల్లల చదువు డబ్బున్న కుటుంబాలకే. ఇక్కడ నిషేధం కాబట్టి 1593లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని సెయింట్ ఓమెర్‌లో జెస్యూట్ ఫాదర్లు ఇంగ్లిష్ పిల్లలకు పెట్టిన బడి, ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్, లియేజ్ తిరిగి, ఫ్రెంచి విప్లవ సైన్యాల దెబ్బకు 1794లో లాంకషైర్‌లోని స్టోనీహర్స్ట్ చేరింది. ఇప్పటికీ అది ఫీజులతో నడిచేదే. కృష్ణాతీరం గారడిగింది పేదల బడుల గురించి.

బర్మింగ్‌హామ్ గుంటూరోడు: అసలు కథ అక్కడే ఉంది బ్రదర్. 1840ల కరువులో ఐర్లండ్ నుంచి లివర్‌పూల్‌కు తిండిలేక జనం వచ్చిపడ్డారు. 1852లో బిషప్పులు సభ పెట్టి, గుడి కంటే ముందు బడి కట్టండన్నారు. కూలివాళ్లు పెన్నీ పెన్నీ ఇచ్చి కట్టినవే చాలా బడులు. 1856లో నోటర్‌డామ్ సిస్టర్లు లివర్‌పూల్‌లో టీచర్ ట్రైనింగ్ కాలేజీ పెట్టారు. బడిలో పాఠాలు చెప్పే సిస్టర్లు జీతంలో సొంతానికి దాచుకున్నది లేదు. ఈ చాకిరీకి ఎవరూ లెక్క కట్టలేదు. నా దృష్టిలో బాకీ ఉంటే హెన్రీది కాదు, ఇదే.

పాతకాగితం: ఒప్పుకుంటా, కానీ సగమే. 1847 నుంచే వాళ్లకు సర్కారు గ్రాంట్లు అందాయి. 1902లో లోకల్ పన్నుల సొమ్ము చర్చి బడులకు మళ్లిస్తే, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో లేని ప్రొటెస్టెంట్లు చాలామంది పన్ను కట్టం పొమ్మన్నారు, ఇంట్లో సామాను వేలం వేసినా సరే. కృష్ణాతీరం గారి కోపానికి నూరేళ్లు దాటాయన్నమాట. 1944లో బిల్డింగు ఖర్చులో సర్కారు సగమిచ్చేది. 1959లో 75 శాతం, 1967లో 80, 1975లో 85, ఇప్పుడు 90. చర్చి వాటా తగ్గుతూ వచ్చింది, సీట్ల మీద పట్టు మాత్రం సడలలేదు.

యార్క్ వదిన: స్థలాలు ఎక్కువగా డయాసిస్‌లవే (ఒక్కో బిషప్పు కింది చర్చి పరిధి) కదా. వాళ్లు మూసేస్తే అన్ని బడులకు స్థలం కొని కట్టడం సర్కారు తరమా? 90 శాతమిచ్చినా సర్కారుకే లాభం.

కృష్ణాతీరం: స్థలం వాళ్లదే, సరే. మరి టీచరు జీతం? 2010 నుంచి కొత్త 'ఫ్రీ స్కూళ్ల'కు (సర్కారు సొమ్ముతోనే, కానీ లోకల్ కౌన్సిల్ చేతిలో లేకుండా నడిచేవి) పెట్టినట్టు, మతం చూసి సగం సీట్లే ఇవ్వాలన్న రూలు పాత బడులకూ పెడితే నాకు గొడవే లేదు.

బర్మింగ్‌హామ్ గుంటూరోడు: ఆ రూలు వల్లే బిషప్పులు ఫ్రీ స్కూళ్ల జోలికి పోలేదు. పాతవాటికీ పెడితే కోర్టుకెక్కుతారు. ఈలోగా పాప పేరు లిస్టులోంచి తీయించకండి. డిసెంబరు 31 దాకా లిస్టు ఉంచాల్సిందే, అది రూలు. సెప్టెంబరు తర్వాత కూడా సీట్లు కదులుతుంటాయి.