ఇయర్‌ఫోన్స్‌ల బేస్ వస్తలేదు, చెవి నొస్తంది. 1500 లోపు ఏది కొనాలె?

కాజీపేట ప్యాసింజర్:
అన్నలు, అక్కలు, ఒక డౌట్. నేను వారంల మూడు నాలుగు సార్లు కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయొస్త, 132 కిలోమీటర్లు, పాటలు లేకుంటె టైం పోనే పోదు. పోయిన నెల 900 పెట్టి వైర్ ఇయర్‌ఫోన్స్ తీసుకున్న, కంపెనీ పేరెందుకులే, డబ్బ మీద ఎక్స్‌ట్రా బేస్ అని ఇంత పెద్దగ రాసుంది. ఇంట్ల వింటె పర్లేదనిపిచ్చింది, ట్రైన్ ఎక్కినంక బేస్ మొత్తం గాయబ్, వాల్యూం ఫుల్ పెట్టినా గదే రేకుడబ్బ సప్పుడు. మీదికెల్లి ఎడమ చెవిది ఊకె జారి పడుతది, గట్టిగ నూకి పెడ్తె జనగామ రాకముందే చెవి నొస్తది. 1500 దాక పెట్టగల్త. సౌండ్ మంచిదా కాదా, చెవికి సెట్ అయితదా లేదా ఎట్ల సూస్కోవాలె? రివ్యూలల్ల అయితే అందరు అన్నీ సూపర్ అనే అంటున్నరు.

సుబేదారి సౌండ్:
తమ్మీ, కొత్తది కొనుడు జర ఆపు. డబ్బల ఇంకో రెండు జతల రబ్బర్లు ఇచ్చి ఉంటరు, చిన్నయి, పెద్దయి, అవి అసల్ బయటికి తీసినవా? ఒక పని చెయ్యి, బేస్ ఉన్న పాట పెట్టి రెండిటిని వేలుతోని మెల్లగ లోపలికి ఒత్తు. ఒత్తంగనే బేస్ దబ్బున వచ్చి, వేలు తియ్యంగనే పోతె చెవికి రబ్బరుకు నడుమ సందు ఉన్నట్టే, బేస్ అంత ఆ సందులకెల్లి పోతంది. గది నీ ఇయర్‌ఫోన్ తప్పు కాదు, రబ్బర్ సైజు తప్పు. రెండు చెవులు ఒక్క తీరు ఉండాలని ఏం లేదు, నాకు ఎడమకు పెద్దది పడ్తది కుడికి మీడియం. పెట్టేటప్పుడు ఇంకో చెయ్యి తల ఎనుకకెల్లి తెచ్చి చెవిని పైకి, ఎనుకకు గుంజు, అప్పుడు లోపటి తొవ్వ సాపయితది, నూకాల్సిన పనుండది.
ఇంట్ల మంచిగుండి ట్రైన్ల ఎందుకు పోయిందంటవా, పట్టాల రొద కూడ లావు సౌండే కదా, పాటల ఉన్న బేస్‌ను అదే మింగుతది. రబ్బర్ సక్కగ మూసుకుంటె బయటి రొద కొంత తగ్గుతది, నువ్వు వాల్యూం పెంచుడు కూడ తగ్గుతది.

పరకాల పిల్ల:
సుబేదారి అన్న చెప్పింది నిజమే గని అందరికి రబ్బర్ మారిస్తె అయిపోదన్నా. నాయి చిన్న చెవులు, అన్నిట్ల చిన్న రబ్బర్ పెట్టినా అరగంటకే మంట. తర్వాత తెలిసింది, రబ్బర్ తొడిగే గొట్టమే లావుగుంది, దానికి ఏ రబ్బర్ పెట్టి ఏం లాభం. గందుకే ఫోటోలల్ల గొట్టం ఎంత లావుంది, బాడీ అంచులు పదునుగున్నయా అని సూస్త ఫస్ట్. ఫోమ్ రబ్బర్లు కూడ వాడి సూడుండ్రి, నలిపి పెడ్తె లోపల మెల్లగ ఉబ్బుతయి, నాకు నొప్పి బాగ తగ్గింది. కాకపోతె సన్న సౌండ్లు కొంచెం మొద్దయినట్టు ఉంటయి, కొన్ని నెలలకు మెత్తబడి పాడైతయి, మల్ల కొనుడే. ఇంకోటి, వైర్ చెవి మీదికెల్లి తిప్పి పెట్టుకునే మోడల్ అయితే జారుడు తక్కువ, వైర్ అంగికి రాసుకుంటె వచ్చే గరగర కూడ తక్కువ.

డోలు దెబ్బ:
నేను పెండ్లిళ్లకు బోనాలకు మైక్ సెట్ నడుపుత, సౌండ్ సంగతి నేను చెప్త. రెండు ఇయర్‌ఫోన్లు పోల్చేటప్పుడు మొదలు వాల్యూం సమానం చెయ్యి, ఎందుకంటె కొంచెం పెద్దగ మోగేదే మంచిదనిపిస్తది మనిషికి, దుకాణపోడు గదే మోసం చేస్తడు. కొత్త పాట పెట్టకు, ఏండ్ల నుంచి వింటున్నదే పెట్టు.
నేనైతె డప్పు రికార్డింగ్ పెడ్త. సిర్ర అనే లావు కట్టె దెబ్బ లావుగ, చిటికెన పుల్ల సన్నగ టక్కుమని, మంచి దాంట్ల రెండు ఏరుపడి వినొస్తయి. బేస్ కుక్కిన దాంట్ల సిర్ర దుమ్ములేపుతది గని పుల్ల సప్పుడు మునిగిపోతది, రెండు కలిసి గోనెసంచి మీద కొట్టినట్టే ఉంటది. తర్వాత బతుకమ్మ ఆడేటప్పటి రికార్డింగ్ పెట్టు, అందరి చప్పట్లు చెవుల సూది గుచ్చినట్టు ఉన్నయనుకో, స, ష అక్షరాలు ఇస్ ఇస్ అన్నయనుకో, అది గంట కంటె ఎక్కువ వినలేవు, ఎంత క్లియర్‌గ ఉన్నా సరే. డబ్బ మీద 10 ఎం.ఎం. డ్రైవర్, 14 ఎం.ఎం. డ్రైవర్ (లోపల సౌండ్ పుట్టించే చిన్న స్పీకర్) అని ఉన్నది సూసి ఆగం కావద్దు, పెద్దగుంటె మంచిదని ఏం లేదు.
వాల్యూం ఫుల్ అన్నవు సూడు, అది మానుకో తమ్మీ. సౌండ్ 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, గదే 90 అయితే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నువ్వు రెండు ట్రిప్పులల్లనే దాటిపోతవు.
కొనాల్సిందే అంటె మూన్‌డ్రాప్ కంపెనీ "చూ 2" మోడల్ సూడు, వైర్ ఊడదీసి మార్చుకోవచ్చు. మొదటి "చూ" మోడల్‌కు గా సౌలత్ లేకుండె, వైర్ పోతె మొత్తం పోయినట్టే. బేస్ అలవాటున్నోనికి మొదట్ల సప్పగ అనిపిస్తది, రెండు మూడు రోజులు వాడినంకనే మాట్లాడు.

కాజీపేట ప్యాసింజర్:
అన్నా, ఇయ్యాల పొద్దుగాల ట్రైన్ల చేసి సూసిన. వేలుతో ఒత్తితె నిజంగనే బేస్ వచ్చింది, నెల రోజులు ఆ కంపెనీని తిట్టుకుంట తిరిగిన. ఎడమకు పెద్ద రబ్బర్ ఏసిన, జారుతలేదు, వాల్యూం సగంల పెట్టినా వినొస్తంది. నొప్పి మాత్రం పోలే, జనగామల లేసేది ఇప్పుడు భువనగిరిల లేస్తంది. డప్పు పెట్టి కూడ సూసిన, పుల్ల సప్పుడు అసల్ లేదు. కుడిది జర తక్కువ మోగుతున్నట్టు కూడ అనిపిస్తంది.

సుబేదారి సౌండ్:
కుడిదాని సౌండ్ వచ్చే జాలి సూడు, గుమిలి పట్టి ఉంటది. పొడి బ్రష్‌తో జాలి కిందికి పెట్టి తుడువు, నీళ్లు పొయ్యకు, సూది అస్సలే పెట్టకు.

పరకాల పిల్ల:
ఫోమ్ రబ్బర్లు తెప్పించుకోండి ముందు, ఇయర్‌ఫోన్ తర్వాత. అయినా నొస్తె ఒకసారి చెవి డాక్టర్‌కు చూపించుండ్రి.

కాజీపేట ప్యాసింజర్:
జాలి సూసిన. ఫోటో పెడ్దామనుకున్న, వద్దులే, తినే టైం. ఫోమ్ ఆర్డర్ పెట్టిన అక్కా.