అప్‌డేట్: వైఫై కార్డు బిగించాక కనిపించని బ్లూటూత్ ఇప్పుడు పనిచేస్తోంది

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో డెస్క్‌టాప్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ వైఫై కార్డు (కంప్యూటర్ లోపలి స్లాటులో దూర్చేది) నేనే బిగించాననీ, వైఫై వస్తున్నా బ్లూటూత్ అసలు కనిపించడం లేదనీ ఇదివరకు అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"కార్డు నుంచి మదర్‌బోర్డుకు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డుకు) యూఎస్‌బీ తీగ కలిపారా?" అని అడిగినవారి మాటే నిజమైంది. ఇలాంటి కార్డుల్లో వైఫై అయితే కార్డు దూర్చిన స్లాటు ద్వారానే నడుస్తుంది, బ్లూటూత్‌కు మాత్రం యూఎస్‌బీ కావాలి. ఆ సన్నని తీగ లేకపోతే బ్లూటూత్ ఉన్నట్టే విండోస్‌కు తెలియదు. నాకు వచ్చిన పెట్టెలో తీగే లేదు. లీలామహల్ కూడలి దగ్గర ఒక కంప్యూటర్ దుకాణంలో విడిగా దొరికింది. అమ్మేవారు పెట్టెలోనే పెట్టి ఇవ్వాల్సిన వస్తువు అది.

దాన్ని నా మదర్‌బోర్డులో అయితే కింది అంచున 'ఎఫ్_యూఎస్‌బీ' అని రాసి ఉన్న 9 పిన్నుల చోట పెట్టాలి. ఇక్కడ చాలా జాగ్రత్త! ఆడియో పిన్నులు కూడా అచ్చం అలాగే ఉంటాయి. పిన్ను లేని ఖాళీ చివరి మూలలో ఉంటే యూఎస్‌బీ, ఆ ఖాళీ ఒక పిన్ను లోపలికి ఉంటే ఆడియో. కరెంటు పూర్తిగా తీసేశాకే ముట్టుకోండి, బలవంతంగా నొక్కకండి.

బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) అప్‌డేట్‌కు, కార్డు స్లాటు మార్చడానికి దీనితో సంబంధం లేదు. విండోస్ మళ్లీ ఎక్కించే శ్రమ దయచేసి ఎవరూ పెట్టుకోవద్దు. తీగ కలిపాక బ్లూటూత్ డ్రైవరు వేశాను, హెడ్‌ఫోన్ వెంటనే కలిసింది.