సమస్యాపూరణం: “నీరు పోయ మొక్క నీరసించె”

నిర్వాహకుడు (విజయనగరం):
పెరడున్న ఇళ్ళు తగ్గి, రెండు గదుల వాటాలలోనూ అపార్టుమెంట్లలోనూ కాపురముంటున్న మనలో చాలామంది, పచ్చదనం మీది మక్కువతో కిటికీ గూటిలో మనీప్లాంటునో, మంచం పక్కన స్నేక్ ప్లాంటునో పెంచుకొంటున్నారు. ఈ వారపు సమస్య ఆ చిన్న తోటల మీదనే. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగవ పాదం; మొదటి మూడు పాదాలను మీరు పూరించాలి. నీరు పోస్తే మొక్క నీరసించడమనే విరోధాన్ని శ్లేషతో (రెండర్థాల మాటతో) దాటవేయకుండా, ఇంట్లో నిజంగా జరిగే కారణంతో పరిహరించవలసిందిగా మనవి.

బొబ్బిలి సభ్యురాలు:

రంధ్ర మొకటి లేని రమ్యమౌ తొట్టిలో
నడుగు నీరు నిలిచి యంటె కుళ్ళు
చంటిబిడ్డ కిచ్చు చనుబాల పగిదిని
నీరు పోయ మొక్క నీరసించె

నిర్వాహకుడు:
అమ్మా, పద్యం చక్కగా నడిచింది. అయితే కుళ్ళు దేనికి అంటినదో రెండవ పాదం చెప్పలేదు. “నడుగు వేళ్ళు కుళ్ళె నంతలోనె” అంటే అర్థం తెలుస్తుంది, అచ్చుల యతీ (పాదం మొదటి అక్షరానికీ నడుమనున్న యతిస్థానపు అక్షరానికీ కుదరవలసిన మైత్రి) నిలుస్తుంది. విషయం మాత్రం అక్షరాలా నిజం. అటువంటి తొట్టిలో పైమట్టి ఎండినట్టే కనిపిస్తుంది గాని, వేలు రెండు కణుపుల దాకా గుచ్చితే చల్లని బురద తగులుతుంది. మట్టిరేణువుల నడుమ గాలి ఉండవలసిన చోటును నీరు ఆక్రమించడంతో వేళ్ళకు ఊపిరాడదు; మొక్కను పెకలిస్తే వేరు మీది పొర గోధుమరంగు జిగురై మన చేతివేళ్ళకు ఊడివస్తుంది. పింగాణీ తొట్టి అందమే కావాలనుకొంటే, చిల్లులున్న చిన్న కుండీలో మొక్కను నాటి, దానిని తొట్టిలో దించి, దిగిన నీటిని ఎప్పటికప్పుడు పారబోయాలి. కుమ్మరి చేసిన మట్టికుండీ అయితే గోడల గుండా కూడా తడి ఆరుతుంది కనుక, మన వానకాలపు ఉక్కకు అదే మేలని నా అభిప్రాయం.

పలాస సభ్యుడు:

ఆకు కొనలు మాడి యందమ్ము కోల్పోయె
వడియగట్టు మరయె వదలు దానిఁ
బారబోయ నేల పాపమం చా యుప్పు
నీరు పోయ మొక్క నీరసించె

నిర్వాహకుడు:
“ఉప్పు” అన్న మాటను మూడవ పాదం చివర నిలిపి సమస్యను దానికి అతికించిన తీరు ఎంతో బాగున్నది. మీ పద్యంలోని వడియగట్టు మర, అంటే తాగునీటిని శుద్ధిచేసే ఆర్వో యంత్రం, బయటికి వదిలే నీటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి. కుండీ అంచున తెల్లని పెచ్చు కట్టిందంటే అవి పేరుకొన్నట్టే. అడుగు చిల్లుల గుండా ధారగా దిగేటట్టు మంచినీటిని రెండు మూడు మార్లు పోస్తే చాలావరకు కొట్టుకొనిపోతాయి.

కవిటి సభ్యురాలు:
దీనికి ఒక మాట చేర్చాలి. మా ఉద్దానం కొబ్బరితోటల సీమ. కొబ్బరి పొట్టు తేలిక గనుక వేలాడే కుండీలకు అనువైనదే గాని, అందులోనూ ఉప్పు ఉండవచ్చు. కడిగి, పిండి, మట్టిలో కలపాలి. అది తడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి నీళ్ళూ తగ్గించాలి.

రాజాం విద్యార్థి:

కిటికి లేని గదిని తులసి నుంచిన వేళ
వెలుగు లేక యాకు వెలవెలబడె
తడియె యారకుండ దాహమం చెంచుచు
నీరు పోయ మొక్క నీరసించె

బొబ్బిలి సభ్యురాలు:
బాబూ, మొదటి పాదంలో “కి”కి “తు” యతి చెల్లదు.

నిర్వాహకుడు:
అవును నాయనా. “కిటికి లేని గదిని కృష్ణతులసి నుంచ” అని సవరించు. ఇకారానికి ఋకారం చెల్లుతుంది. అయినా మూడింటిలో నాకు మిక్కిలి నచ్చినది నీ పూరణే, ఎందుకంటే వెలుగు తగ్గినచోట మొక్క నీటిని తక్కువగా తాగుతుందనీ, వాడిన ఆకును చూసి దాహమనుకోవడమే ముప్పనీ నీవొక్కడివే గ్రహించావు. తులసికి నేరుగా తగిలే ఎండ కావాలి. ఆ గదిలో స్నేక్ ప్లాంటో, జీజీ ప్లాంటో ఉంచి, మట్టి పూర్తిగా ఆరిన పిదపనే నీరు పొయ్యి. అవి కూడా వెలుగు బొత్తిగా లేనిచోట నిలువవు కనుక, అప్పుడప్పుడు వరండాలోకి మార్చడం అవసరం.

దీని నుంచే వచ్చేవారపు సమస్య, ఆటవెలదిలోనే: “చీకటింట మొక్క చిగురు దొడిగె.”