ఫలక్‌నుమాలో నాన్నకి పంచెతో భోజనం కుదురుతుందా?

వచ్చే నెల అమ్మానాన్నల పెళ్లి జరిగి 40 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర పల్లె. హైదరాబాద్ తీసుకొచ్చి ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని అదా రెస్టారెంట్‌లో రాత్రి భోజనం పెట్టిద్దామని నా కోరిక. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

మొదటి టెన్షన్ బట్టలు. నాన్న పంచె తప్ప ఇంకోటి కట్టరు, కాళ్లకి తోలు చెప్పులు. పోయినసారి వేరే పెద్ద హోటల్‌కి తీసుకెళ్తే గుమ్మం దగ్గర మనిషి ఆ చెప్పుల వంక రెండుసార్లు చూశాడు. లోపల మెనూలో కుడివైపు అంకెలు చూసి నాన్న "నాకు పెరుగన్నం చాలురా" అన్నారు. అంతే, ఇంకేం తినలేదు! అందుకే అడుగుతున్నా: ధరలు లేని మెనూ ఇమ్మంటే ఇస్తారా? డబ్బు ముందే కట్టేయొచ్చా?

అమ్మ మాంసం ముట్టదు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, చివర్లో ఖుబానీ కా మీఠా దొరికితే ఆవిడకి పండగే. అవి ఎప్పుడూ ఉంటాయా, ముందే చెప్పాలా? ఆవిడకి మోకాళ్ల నొప్పులు కూడా. గేటు నుంచి కొండ మీదికి గుర్రపు బగ్గీ భోజనానికి మాత్రమే వచ్చేవాళ్లకీ ఉంటుందా?

ముగ్గురికి 18 శాతం జీఎస్టీతో కలిపి ఎంత అనుకోవచ్చు? సర్వీస్ ఛార్జి వద్దంటే తీసేస్తారని తెలుసు కానీ, నాన్న ముందు ఆ వాదన పెట్టుకోలేను.