ఎనిమిదో తరగతికి ‘రాకాసిలోయ’ చదివించవచ్చా?

బడిపంతులు:
ఈ ఏడాది వాచకంతో పాటు దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’ కూడా చదివిద్దామని ఉంది. చందమామలో నెలనెలా వచ్చిన సీరియల్. వారానికి రెండు పీరియడ్లు. మాంత్రికుడు, అడవి, సాహసయాత్ర. పిల్లలు పట్టుకుంటే వదలరు. ఏమంటారు?

పాతసంచిక:
ఆయన మొదటి సీరియల్ ‘తోకచుక్క’, 1954లో. మొదలెడితే అక్కణ్ణుంచే మొదలెట్టాలి. చిత్రా గారి బొమ్మలు లేకపోతే మాత్రం వద్దు.

గట్టుమీదోడు:
పబ్లిక్ పరీక్షలో బ్రహ్మదండి మాంత్రికుడి మీద ప్రశ్న వస్తుందా మాస్టారూ? సంధులు, సమాసాలు ఎప్పుడు చెబుతారు?

బడిపంతులు:
అందులోనే. ‘రాకాసి’కి ప్రకృతి ఏమిటంటే రాక్షసి. ఆయనదే ‘శిథిలాలయం’, పేరే సవర్ణదీర్ఘ సంధి.

గట్టుమీదోడు:
అదిగో, కథని కోసి సంధులు తీస్తారన్నమాట! మీ తెలుగు మాస్టార్లంతా ఇంతే. ఏడో తరగతిలో నోట్‌బుక్ మధ్యలో చందమామ పెట్టుకుని చదువుతుంటే మా మాస్టారు లాక్కుని చించేశారు. ఆ నెల సీరియల్ ఎక్కడ ఆగిందో నాకిప్పటికీ తెలీదు.

రెండోబెంచీ:
మా అమ్మాయి ఇంగ్లీషు ఫాంటసీలు లావుపాటివి రెండు రోజుల్లో లాగించేస్తుంది. తెలుగు పేజీ ఇస్తే ఆవలింతలు.

పాతసంచిక:
బొమ్మలు లేవు కాబట్టి.

బడిపంతులు:
చించింది నేను కాదు కదండీ. నేనైతే వ్యాకరణం పక్కన పెట్టి, సంచిక ఆగిన చోటే పీరియడ్ ఆపుతాను. తర్వాతి క్లాసు దాకా టెన్షన్ పడనీ.

గట్టుమీదోడు:
పడతారు సరే. మూడేళ్ళు తిరిగేసరికి ఇంటర్‌లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుంటారు. మా వాడూ అంతే. తీసుకోమన్నది నేనే. ఇప్పుడు వాడికి తెలుగులో బస్సు బోర్డు చదవడమే గగనం. వాళ్ళ తాతయ్య రాసిన ఉత్తరాలు బీరువాలో కట్టకట్టి ఉన్నాయి, నేను చదివి వినిపించాలి. మీరు లోయ దాకా తీసుకెళ్ళి వదిలేస్తారు మాస్టారూ, ఆ తర్వాత?

రెండోబెంచీ:
దానికి మాస్టారు ఏం చేస్తారండీ, ఫారం మీద సంతకం పెట్టింది మీరు.

గట్టుమీదోడు:
పెట్టాను. మాస్టారి పిల్లలేం తీసుకున్నారో అడగండి.

బడిపంతులు:
పెద్దది సంస్కృతమే.

అందుకే ఎనిమిదో తరగతి అంటున్నాను. పదో తరగతికొస్తే వాళ్ళని నాకెవరూ ఇవ్వరు.

పాతసంచిక:
ఇంతకీ ‘తోకచుక్క’ నుంచి మొదలెడుతున్నారా, లేదా?