ఉదయసముద్రంలో చేపపిల్లలు వదలడం ఏడాది ఆపి సర్వే చేయాలా?

చెరువుగట్టు: నల్గొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం రిజర్వాయర్‌లో ప్రభుత్వం ఇచ్చే ఉచిత చేపపిల్లలు దింపే ముందు, ఇప్పటికే అందులో ఏ చేపలున్నాయో ఏడాది పాటు చూడాలని నేనంటే మత్స్యకారుల సొసైటీ అన్నలు తిట్టారు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఏమైంది? 1950లలో నైలు పెర్చ్‌ను తెచ్చి వదిలారు, 1980లు వచ్చేసరికి ఇంకెక్కడా దొరకని చిన్న చేపల్లో వందల రకాలు కనబడకుండా పోయాయి.

తూముకాడ: తమ్మీ, నైలు పెర్చ్ సాటి చేపను మింగే చేప. మనకు వచ్చేది రవ్వ, బొచ్చె, బంగారు తీగ. రవ్వ ఎవరిని మింగిందో చెప్పు. ఆఫ్రికా ముచ్చట తెచ్చి మా పొట్ట మీద కొట్టకు.

చెరువుగట్టు: అన్నా, రవ్వ మింగుతుందని నేననలేదు. చూడకుండా వదలొద్దంటున్నా, అంతే.

తూముకాడ: అదే అడుగుతున్నా. రవ్వ ఎవరిని మింగింది?

పాలమూరు బస్సు: రవ్వను మేం మింగినం, పులుసులో 😄

టీచరమ్మ: విక్టోరియాలో తప్పంతా పెర్చ్‌దే కాదు. చుట్టుపక్కల పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు చేరి నీళ్లలో ఆక్సిజన్ కూడా పడిపోయింది. అయినా మనది బయటి నీళ్లు రాని చెరువు కాదు కదా, సాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర మోటార్లతో తోడితే కాల్వల్లో వచ్చి పడే కృష్ణా నీళ్లవి. ఏది ఎటునుంచి వచ్చిందో ఎట్లా తేలుస్తారు?

చెరువుగట్టు: అందుకే సర్వే మేడం! ఆ సక్కర్ చేప, అదే అక్వేరియంలలో పెంచే పరాయి దేశపు చేప, మన చెరువులోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చూశారా?

తూముకాడ: సక్కర్ పేరెత్తావు కాబట్టి చెప్తా. పోయిన వానాకాలం తెల్లారి వల తీస్తే రెండు పడ్డాయి. ఒంటి నిండా గరుకు పెంకు, రెక్క ముల్లు విప్పి దారంలో మెలేసుకున్నాయి, విడిపించలేక మూరెడు వల కోసి పారేశా. సక్కర్ ఉందని మూడేళ్ల నుంచి చెప్తున్నా. ఒక సర్వే బృందం వచ్చింది, నా తెప్పే ఎక్కింది, నా వలలో పడ్డవాటినే స్కేలు పెట్టి కొలిచింది, నాకు రెండు రోజుల వేట పోయింది. చివరికి ఏం రాశారు? ఇక్కడివాళ్లు సన్న కన్ను వలలతో పిల్లలను ఊడ్చేస్తున్నారని. సక్కర్ గురించి ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు రిపోర్టు, మా బిడ్డ చదివి చెబితేనే తెలిసింది. సర్వే అంటే నాకు గదే గుర్తొస్తది.

చెరువుగట్టు: సన్న కన్ను వలలు వాడట్లేదా మరి?

తూముకాడ: వాడతాం. పరక, రొయ్య దానికే పడతాయి. రవ్వ పెరిగేదాకా ఇల్లు గడవాలె కదా. ఆ మాట రాయడానికి పెన్నులో ఇంకు అయిపోయిందా?

టీచరమ్మ: అంటే మీకు సర్వే వద్దా, వచ్చినవాళ్లు వద్దా?

తూముకాడ: మా చెరువు లెక్క మేమే రాస్తాం. రోజూ ఏది ఎన్ని పడిందో, నోట్‌బుక్కులో. పైన పేరు మాదుండాలి. మాకు తెలిసింది మా నోటితో తీసుకుని తిరిగి మమ్మల్నే దొంగల్ని చేస్తే ఊకోం.

చెరువుగట్టు: సరే అన్నా, రాయండి. ఆదివారం పొద్దున్నే నేనూ తెప్ప ఎక్కుతా, కూలీ అడగను. కానీ ఒక్క ఏడాదైనా ఆపకపోతే, పిల్లలు వదిలాక ఏం మారిందో ఆ నోట్‌బుక్కు మాత్రం ఎట్లా చెప్తుంది?

తూముకాడ: మళ్లీ ఆడికే వచ్చినవ్. నాలుగింటికి తూము దగ్గరికి రా, రవ్వ ఎవరిని మింగిందో అక్కడ చెప్పు.