అప్‌డేట్: పాత ఇల్లు పడగొట్టడం లేదు, బాగు చేయిస్తున్నాం

వందేళ్లు దాటిన మా సున్నపు గోడల ఇంటిని బాగు చేయించాలా, పడగొట్టి కొత్తది కట్టాలా అని అడిగాను కదా. గోడలో నిలువునా పగులు, అడుగున చెమ్మ, కుంగిన దూలం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ఇల్లు నిలబడుతోంది.

పగులు మీద గాజు ముక్క అతికించి చూడమన్న సలహా బాగా పనికొచ్చింది; గోడ ఇంకా కదులుతుంటే గాజు చిట్లిపోతుంది. పూత గీకేసి ఇటుక మీదే అతికించాం. ఒక వానాకాలం గడిచినా గాజు చిట్లలేదు. గోడ కదలిక ఎప్పుడో ఆగిపోయిందని స్ట్రక్చరల్ ఇంజనీర్ కూడా తేల్చారు.

చెమ్మకి అసలు దోషి సిమెంటు ప్లాస్టరింగ్. సున్నం గోడ తడి పీల్చినా మళ్లీ తనే ఆరుతుంది. ఎప్పుడో మా వాళ్లు కొట్టించిన సిమెంటు ఆ దారి మూసేసింది. ఒకచోట పెచ్చు ఊడగొడితే లోపలి సున్నం తడిపిండిలా వేళ్లకి అంటుకుంది! దానికి తోడు చూరు నీళ్లు సరిగ్గా గోడ మొదట్లోనే పడుతున్నాయి. సిమెంటంతా తీయించి సున్నంతోనే పూయిస్తున్నాం. ఆరడానికి నెలలు పడుతుంది, రంగులకి తొందరపడొద్దన్నారు.

దూలం నడుమ గట్టిగానే ఉంది. గోడలోకి వెళ్లిన కొనే పుచ్చింది, స్క్రూడ్రైవర్ గుచ్చితే వేలెడు లోతు దిగింది. ఆ మేరకు కోసి కొత్త కలప అతికిస్తారు.

పునాది బలపరచడం, చెమ్మ ఆపడానికి గోడలోకి కెమికల్ ఎక్కించడం మా విషయంలో అక్కర్లేకపోయాయి. అన్నట్టు, పది నిమిషాల్లో ‘పడగొట్టేయండి’ అన్న కాంట్రాక్టర్... కొత్త ఇల్లు కట్టేది ఆయనే మరి!